క్వాంటమ్ సిమ్యులేటర్ మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

కిస్కిట్, సర్క్, పెన్నీలేన్, స్టిమ్. క్వాంటమ్ కంప్యూటర్ చేసే పనిని మన ల్యాప్‌టాప్‌లోనే చేసి చూపించే ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితం, సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. అమరావతి క్వాంటమ్ వ్యాలీ కబురు వచ్చిన దగ్గర్నుంచి వీటి గురించి నన్ను అడిగేవాళ్లు పెరిగారు. ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో ఒకటి పంపి, కింద "అన్నా, ఇది ఎందుకు రావట్లేదు?" అని ఒక్క ముక్క.

అవన్నీ చూసి చూసి నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఎర్ర అక్షరాలతో ఆగిపోయే సమస్య పది నిమిషాల్లో తేలిపోతుంది. ఏ ఎర్రరూ ఇవ్వకుండా, చక్కటి గ్రాఫ్ గీసి, తప్పు జవాబు చేతిలో పెట్టేదే కొంప ముంచుతుంది. అందుకే మొదటి రకాన్ని గబగబా దాటించి, రెండో రకం దగ్గర ఎక్కువసేపు కూర్చుంటాను. ఉదాహరణలు ఎక్కువగా కిస్కిట్ వారి ఏర్ సిమ్యులేటర్‌వే, నేను రోజూ వాడేది అదే కాబట్టి.

ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోతోంది

లక్షణం: "కెనాట్ ఇంపోర్ట్ నేమ్ ఏర్ ఫ్రమ్ కిస్కిట్" అని వస్తుంది. లేదా ఏర్ బదులు "ఎగ్జిక్యూట్" అని ఉంటుంది.

కారణం: మీరు చూసి రాసుకున్న పాఠం పాతది. 2024 ఫిబ్రవరిలో కిస్కిట్ 1.0 వచ్చినప్పుడు ఇల్లంతా సర్దేశారు. ఎగ్జిక్యూట్ ఫంక్షన్ తీసేశారు. ఏర్ వేరు కాపురం పెట్టింది. యూట్యూబ్‌లో ఉన్న పాఠాల్లో చాలావరకు అంతకు ముందువి, వాటికి ఈ సంగతి తెలీదు.

పరిష్కారం: ఏర్‌ని విడిగా ఇన్‌స్టాల్ చేయాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "కిస్కిట్" కీ "ఏర్" కీ మధ్య హైఫన్, ఇంపోర్ట్ చేసేటప్పుడు అండర్‌స్కోర్. ఈ గీత దగ్గర తడబడేవాళ్లు తక్కువేం కాదు. ఆ ప్యాకేజీలోంచి ఏర్‌సిమ్యులేటర్‌ని తెచ్చుకుని, సర్క్యూట్‌ని (క్యూబిట్లు అనే క్వాంటమ్ బిట్ల మీద వేసే గేట్ల వరసని) ట్రాన్స్‌పైల్ చేసి, అంటే సిమ్యులేటర్‌కి తెలిసిన గేట్లలోకి మార్చి, సిమ్యులేటర్ రన్‌కి ఇవ్వండి. పాత కోడ్‌లో "బైండ్_పారామీటర్స్" ఉంటే "అసైన్_పారామీటర్స్" చేయండి, "సీనాట్" ఉంటే "సీఎక్స్" చేయండి. 2025లో వచ్చిన 2.0లో "సీ_ఇఫ్" కూడా పోయింది, దాని పని ఇప్పుడు "ఇఫ్_టెస్ట్" చేస్తుంది.

ఇంకో మాట. పాత సున్నా-పాయింట్ వెర్షన్ ఉన్న చోటే పిప్ అప్‌గ్రేడ్ కొట్టొద్దు. పాత కాలంలో అసలు కోడ్ "కిస్కిట్-టెర్రా" అనే ప్యాకేజీలో ఉండేది. కొత్తదీ అదీ ఒకే ఫోల్డర్ నాదంటే నాదని కొట్టుకుంటాయి. కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తెరిచి మొదటి నుంచి పెట్టుకోండి. ఉన్నదాన్ని బాగుచేయాలని కూర్చుంటే పొద్దు గూకుతుంది.

ఇవన్నీ చేసినా ఇంపోర్ట్ కాకపోతే మీ ఫైల్ పేరు చూడండి. "కిస్కిట్ డాట్ పీవై" అనో "స్టిమ్ డాట్ పీవై" అనో పెట్టి ఉంటారు. పైథాన్ అసలు ప్యాకేజీని వదిలేసి మీ ఫైల్‌నే తెరుస్తుంది. పేరు మారిస్తే సరి.

"అన్‌నోన్ ఇన్‌స్ట్రక్షన్: క్యూఎఫ్‌టీ"

సర్క్యూట్‌లో ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌లాంటి రెడీమేడ్ డబ్బా ఒకటి పెట్టి నేరుగా రన్ కొడితే ఇది వస్తుంది. బొమ్మ గీస్తే డబ్బా బాగానే కనిపిస్తుంది. కానీ ఏర్‌కి హెచ్, సీఎక్స్, ఆర్‌జెడ్‌లాంటి గేట్లు తెలుసుగానీ డబ్బా విప్పడం దాని పని కాదు. సిమ్యులేటర్ పేరు ఇచ్చి ట్రాన్స్‌పైల్ చేస్తే డబ్బా విడిపోయి లోపలి గేట్లు బయటికొస్తాయి. అంతే.

"నో కౌంట్స్ ఫర్ ఎక్స్‌పెరిమెంట్ 0"

మెజర్ చేయడం, అంటే క్యూబిట్లని కొలిచి చూడడం, మర్చిపోయారు. మెజర్‌మెంట్ లేకుండా కౌంట్స్ (ఏ జవాబు ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క) ఎక్కడి నుంచి వస్తాయి? చివర "మెజర్_ఆల్" పెట్టండి. స్టేట్‌వెక్టర్ (క్యూబిట్ల స్థితిని పూర్తిగా చెప్పే సంఖ్యల వరస) అడిగితే లేదంటోందా? అప్పుడు "సేవ్_స్టేట్‌వెక్టర్" అనే సూచన సర్క్యూట్‌లోనే రాయాలి. ఏర్ తనంతట తాను దాచిపెట్టదు.

కెర్నల్ చచ్చిపోతోంది, లేదా ల్యాప్‌టాప్ బిగుసుకుపోతోంది

లక్షణం: జూపిటర్‌లో "కెర్నల్ చనిపోయినట్టుంది, మళ్లీ మొదలవుతుంది" అనే మెసేజ్. లేదా "ఇన్‌సఫీషియంట్ మెమరీ" ఎర్రర్. అదీ ఇదీ కాకపోతే మౌస్ కూడా కదలదు.

కారణం: లెక్క చూడండి. స్టేట్‌వెక్టర్ పద్ధతిలో ఎన్ని క్యూబిట్లుంటే 2ని అన్నిసార్లు హెచ్చించినన్ని సంకీర్ణ సంఖ్యలు దాచుకోవాలి. ఒక్కో సంఖ్యకు 16 బైట్లు. 20 క్యూబిట్లకు 16 ఎంబీ, అసలు లెక్కలోకే రాదు. 25కి 512 ఎంబీ. 28కి 4 జీబీ. 30కి 16 జీబీ. 32కి 64 జీబీ. ఒక్క క్యూబిట్ కలిపితే మెమరీ రెట్టింపు, చక్రవడ్డీ కూడా ఇంత దారుణంగా పెరగదు. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి ఉండగా 28 దాటడం కష్టమే.

డెన్సిటీ మ్యాట్రిక్స్ (చిప్ దోషాలని కూడా కలిపి స్థితిని రాసే పద్ధతి) అయితే ఈ లెక్క వర్గమవుతుంది, అంటే 2 స్థానంలో 4. 14 క్యూబిట్లకే 4 జీబీ, 15కి 16 జీబీ. సర్క్యూట్ చేసే పనంతా ఒకే పట్టికలో రాసే యూనిటరీ మ్యాట్రిక్స్ మొత్తం కావాలని అడిగినా ఇంతే. "అన్నా, 16 క్యూబిట్లే కదా, 30 వరకూ వెళ్తుందన్నారు" అని అడిగిన తమ్ముడు తనకు తెలియకుండా డెన్సిటీ మ్యాట్రిక్స్ అడుగుతున్నాడు. అతనికి కావాల్సింది 64 జీబీ.

పరిష్కారం: మొదట ఏ పద్ధతిలో నడుస్తోందో తెలుసుకోండి. పద్ధతి మీరు చెప్పకపోతే ఏర్ తనే ఎంచుకుంటుంది. చిన్న సైజులో ఒకసారి నడిపి ఫలితంలోని మెటాడేటా తెరిస్తే "మెథడ్" అని రాసి ఉంటుంది. ప్రిసిషన్‌ని "సింగిల్" చేస్తే మెమరీ సగమవుతుంది, అంటే ఒక క్యూబిట్ లాభం. సర్క్ మొదటి నుంచీ సింగిల్ ప్రిసిషన్‌లోనే నడుస్తుంది. "ఏర్‌లో పట్టనిది సర్క్‌లో పట్టింది" అని ఎవరైనా చెబితే అందులో మాయ ఏమీ లేదు.

అసలు మందు వేరే ఉంది. సర్క్యూట్‌లో హెచ్, ఎస్, సీఎక్స్, ఎక్స్, జెడ్‌లాంటి క్లిఫర్డ్ గేట్లే ఉంటే "స్టెబిలైజర్" పద్ధతి వాడండి. గాట్స్‌మన్-నిల్ సిద్ధాంతం ప్రకారం అలాంటి సర్క్యూట్‌ని మామూలు కంప్యూటర్ సులువుగా నడపగలదు, వందల క్యూబిట్లైనా సరే. ఒక్క టీ గేట్ పడిందా, ఆ పద్ధతి ఒప్పుకోదు. ఎంటాంగిల్‌మెంట్ (క్యూబిట్ల మధ్య పడే ముడి) తక్కువగా ఉన్న సర్క్యూట్ అయితే "మ్యాట్రిక్స్ ప్రోడక్ట్ స్టేట్" పద్ధతి ఉంది, దాని కథ కింద చెబుతాను.

అమరావతికి వస్తుందన్న ఐబీఎం హెరాన్ చిప్‌లో 156 క్యూబిట్లు. దాని మీద రాసే సర్క్యూట్‌ని స్టేట్‌వెక్టర్‌తో ముందు ఇంట్లో సరిచూసుకుందాం అనుకుంటే కుదరదు. చిన్న సైజులో సరిచూసుకుని, పెద్ద సైజుకి పద్ధతి మార్చుకోవాల్సిందే. గూగుల్ 2019లో సికమోర్ చిప్‌తో 53 క్యూబిట్ల పని 200 సెకన్లలో చేశామని, అదే మామూలు సూపర్ కంప్యూటర్‌కి 10,000 ఏళ్లు పడుతుందని ప్రకటిస్తే, ఐబీఎం వాళ్లు కాదు రెండున్నర రోజులు చాలన్నారు. ఆ స్టేట్‌ని ర్యామ్‌లోనే కాక హార్డ్ డిస్కుల్లోనూ పరిచి లెక్కేయొచ్చన్నది వాళ్ల వాదన. ఆ గొడవ మొత్తం మీ ల్యాప్‌టాప్ బిగుసుకుపోయిన కారణం చుట్టూనే తిరిగింది.

జవాబు వచ్చింది, కానీ బిట్లు తిరగబడ్డాయి

ఇక్కడి నుంచి ఎర్రర్లు ఉండవు, జాగ్రత్త.

గ్రోవర్ అల్గారిథం (వెతికే పనికి వాడే క్వాంటమ్ పద్ధతి) మొదటిసారి రాసినప్పుడు నేను వెతకాల్సిన సంఖ్యగా 101 పెట్టాను. గ్రాఫ్‌లో 101 దగ్గర పొడుగాటి కడ్డీ లేచింది, సంతోషం. తర్వాత 110 పెట్టాను. 011 దగ్గర లేచింది. రెండు రోజులు ఒరాకిల్ (వెతికే సంఖ్యని గుర్తుపట్టే భాగం) విప్పి, మళ్లీ కట్టి, గేట్లన్నీ కాగితం మీద వేసుకుని తల బద్దలు కొట్టుకున్నాను. తప్పు ఒరాకిల్‌లో లేనే లేదు. 101 మన "వికటకవి" లాంటిది, ఎటు నుంచి చదివినా ఒకటే. అందుకే మొదటిసారి దొరకలేదు.

కారణం: కిస్కిట్‌లో సున్నా నంబర్ క్యూబిట్ కుడి చివర ఉంటుంది. మూడు క్యూబిట్లు తీసుకుని సున్నా నంబర్ దాని మీద ఎక్స్ గేట్ వేస్తే కిస్కిట్ 001 అంటుంది. సర్క్, పెన్నీలేన్ అదే పనికి 100 అంటాయి. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువ భాగం సర్క్ పక్షమే. కిస్కిట్‌లో సీనాట్ మ్యాట్రిక్స్ ప్రింట్ చేసి "ఇదేంటి, పుస్తకంలో ఇలా లేదు" అని కంగారుపడేదీ ఇందుకే. పుస్తకంలో చివరి రెండు వరుసలు తారుమారవుతాయి, కిస్కిట్‌లో రెండోదీ నాలుగోదీ తారుమారవుతాయి. రెండూ ఒప్పే.

పరిష్కారం: కౌంట్స్ అయితే ఆ బిట్ల మాటని తిరగేసి చదవండి. సర్క్యూట్‌నే మార్చాలంటే "రివర్స్_బిట్స్" ఉంది. స్టేట్‌వెక్టర్‌ని కిస్కిట్ నుంచి సర్క్‌కి తీసుకెళ్లాలంటే "రివర్స్_క్యూఆర్గ్స్" చేసి తీసుకెళ్లండి. ఇవి పని అయ్యాక చేసేవి. ముందే పట్టుకోవాలంటే ఒక పరీక్ష అలవాటు చేసుకోండి. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టగానే అందరూ బెల్ స్టేట్ (రెండు క్యూబిట్లు ముడిపడ్డ స్థితి) నడుపుతారు, 00 సగం, 11 సగం వస్తే అంతా బాగుందనుకుంటారు. 00, 11 కూడా వికటకవులే, క్యూబిట్ల వరస తప్పున్నా బయటపెట్టవు. దాని బదులు మూడు క్యూబిట్లలో సున్నా నంబర్ దాని మీద ఒక్క ఎక్స్ వేసి చూడండి. ఎటు చదవాలో అరనిమిషంలో తెలుస్తుంది.

సర్క్‌లో ఇంకో చిక్కుంది. ఏ గేటూ పడని క్యూబిట్ సర్క్యూట్‌లో ఉన్నట్టే లెక్కకు రాదు. పైన చెప్పిన పరీక్షే అక్కడ చేసి చివరి స్టేట్‌వెక్టర్ అడిగితే 8 సంఖ్యలు రావాల్సిన చోట 2 వస్తాయి, మిగతా రెండు క్యూబిట్లనీ అది అసలు లెక్కలోకే తీసుకోలేదు కాబట్టి. "క్యూబిట్_ఆర్డర్" దగ్గర మూడింటి పేర్లూ రాసివ్వండి, లేదా ఖాళీ క్యూబిట్ల మీద ఐడెంటిటీ గేట్ వేయండి.

కౌంట్స్ మధ్యలో ఖాళీ, ఎప్పుడూ సున్నాలే ఉన్న ముక్క

బెల్ స్టేట్‌కి కౌంట్స్ "11 00", "00 00" అని వస్తున్నాయా? సర్క్యూట్ కట్టేటప్పుడే రెండు క్యూబిట్లు, రెండు క్లాసికల్ బిట్లు అని రాశారు. చివర "మెజర్_ఆల్" కొట్టారు. అది ఉన్న బిట్లను వాడుకోదు, సొంతంగా కొత్త రిజిస్టర్ తెచ్చుకుంటుంది. ఎడమవైపున్నది దాని ఫలితం, కుడివైపు సున్నాలు మీరు తెరిచి వాడని ఖాతా. క్లాసికల్ బిట్లు లేకుండా సర్క్యూట్ కట్టి మెజర్_ఆల్ వాడండి, లేదా బిట్లు ఉంచుకుని ఏ క్యూబిట్ ఏ బిట్‌లోకో మీరే రాసి మెజర్ చేయండి. రెండూ కలపొద్దు. ఈ కౌంట్స్‌ని అలాగే ఎనర్జీ లెక్కేసే ఫంక్షన్‌కి ఇచ్చినవాళ్లున్నారు. అది ఖాళీని కూడా ఒక అక్షరం అనుకుని ఏదో ఒక అంకె చెబుతుంది.

స్టేట్‌వెక్టర్ ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది

బెల్ స్టేట్ కట్టారు, 00 కీ 11 కీ చెరో 0.707 రావాలి. ఒకసారి 00 దగ్గర 1 వస్తుంది, ఇంకోసారి 11 దగ్గర 1. మెజర్ చేశాక స్టేట్‌వెక్టర్ సేవ్ చేశారు, అదీ సంగతి. మెజర్‌మెంట్‌తో, రెండు జవాబులూ కలిసున్న సూపర్‌పొజిషన్ కూలిపోయింది, కూలాక మిగిలినదాన్నే సిమ్యులేటర్ నమ్మకంగా చూపిస్తోంది. సేవ్ చేసే సూచనని మెజర్‌కి ముందు పెట్టండి.

దీనికి దగ్గర చుట్టం ఇంకొకటుంది. ఒకే సర్క్యూట్‌ని రెండు సాఫ్ట్‌వేర్లలో కట్టి వెక్టర్లు పక్కపక్కన పెడితే ఒకదాంట్లో 0.707, ఇంకోదాంట్లో మైనస్ ఐ సార్లు 0.707. గ్లోబల్ ఫేజ్ తేడా అది, మెజర్ చేస్తే ఏ తేడా కనిపించదు. జెడ్ గేట్‌కీ, π (180 డిగ్రీల) కోణంతో వేసిన ఆర్‌జెడ్‌కీ మధ్య ఉండేది ఆ మైనస్ ఐ ఒక్కటే. కాబట్టి అంకెలు ఒక్కొక్కటీ పోల్చకుండా ఫిడెలిటీ (రెండు స్టేట్లు ఎంత దగ్గరో చెప్పే అంకె) చూడండి, లేదా స్టేట్‌వెక్టర్‌కి ఉన్న "ఈక్విట్" వాడండి. అలాగని ఎక్కడైనా కొట్టిపారేయకండి. అదే గేట్‌కి కంట్రోల్ తగిలిస్తే ఆ ఫేజ్ గ్లోబల్‌గా ఉండదు, లోపలికి వచ్చి కూర్చుంటుంది. కంట్రోల్డ్ ఆర్‌జెడ్‌ని π కోణంతో వేసి కంట్రోల్డ్ జెడ్ అనుకుంటే ఫేజ్ ఎస్టిమేషన్ జవాబు మొత్తం చెడిపోతుంది. అక్కడ వాడాల్సింది "సీపీ" గేట్.

నాయిస్ పెట్టాను, ఫలితం మాత్రం తళతళలాడుతోంది

నా లెక్కలో ఈ జాబితాలో అన్నిటికన్నా ప్రమాదకరమైంది ఇదే. తప్పు జవాబు మనకు నచ్చేలా వస్తుంది కదా, ఎవరూ అనుమానించరు.

ఓ ప్రాజెక్టులో నేనే బోల్తాపడ్డాను. టాఫొలీ గేట్లున్న (మూడు క్యూబిట్ల మీద పనిచేసేవి) ఒక ఆడర్, అంటే కూడిక సర్క్యూట్, సీఎక్స్ మీద 2 శాతం డీపోలరైజింగ్ నాయిస్ (నిజమైన చిప్ చేసే తప్పుల్ని అనుకరించే దోషం). సర్క్యూట్‌ని ఎంత పెంచినా జవాబు దాదాపు చెక్కుచెదరలేదు. "మన డిజైన్ ఎంత గట్టిదో" అని నలుగురి ముందు గ్రాఫ్ పెట్టాను. వెనక కూర్చున్న ఒకాయన నిదానంగా, "మీ సర్క్యూట్‌లో సీఎక్స్‌లు ఎన్ని?" అని అడిగారు. లెక్కపెట్టి చూస్తే చేతివేళ్లకు సరిపోయాయి. మిగతావన్నీ టాఫొలీలే.

కారణం: ఏర్‌లో నాయిస్ గేట్ పేరుని బట్టి అంటుకుంటుంది. సీఎక్స్‌కి నాయిస్ రాస్తే సీఎక్స్ అన్న పేరున్న గేట్ కనబడ్డప్పుడే అది పని చేస్తుంది. టాఫొలీ ఏర్‌కి నేరుగా తెలిసిన గేట్, విప్పాల్సిన అవసరం దానికి లేదు, ఒక్క దెబ్బలో శుభ్రంగా నడిపేస్తుంది. నిజమైన చిప్ మీద ఆ ఒక్క టాఫొలీ ఆరు సీఎక్స్‌లుగా విడిపోతుందన్న సంగతి దానికి ఎవరు చెప్పారు? అలాగే సీఎక్స్‌కి నాయిస్ రాసి సర్క్యూట్‌ని సీజెడ్ గేట్లలోకి ట్రాన్స్‌పైల్ చేసినా ఇదే గతి.

పరిష్కారం: నాయిస్ మోడల్‌ని రన్ చేసేటప్పుడు ఇవ్వకుండా సిమ్యులేటర్ తయారుచేసేటప్పుడే లోపల పెట్టండి. తర్వాత ఆ సిమ్యులేటర్‌నే లక్ష్యంగా ఇచ్చి ట్రాన్స్‌పైల్ చేయండి. అప్పుడు నాయిస్ మోడల్‌లో ఉన్న గేట్లలోకే సర్క్యూట్ విడిపోతుంది. నడిపే ముందు రెండు ప్రింట్లు తీయండి. ఒకటి, నాయిస్ మోడల్‌ని ప్రింట్ చేస్తే వచ్చే "ఇన్‌స్ట్రక్షన్స్ విత్ నాయిస్" వరస. రెండు, ట్రాన్స్‌పైల్ అయిన సర్క్యూట్ మీద "కౌంట్_ఆప్స్". రెండిట్లో ఒకే పేరు లేకపోతే మీరు నడుపుతున్నది నాయిస్ లేని సర్క్యూట్.

మరో తమాషా. నాయిస్ ఎంత పేరుకుంటుందో చూద్దామని ఎక్స్ గేట్లు 100 వరసగా వేస్తారు. ట్రాన్స్‌పైలర్ తెలివైంది, రెండు ఎక్స్‌లు కలిస్తే ఏమీ లేనట్టే కదా అని 100 గేట్లనీ ఊడ్చేస్తుంది. గేట్లే లేనప్పుడు నాయిస్ ఎక్కడిది? ఇలాంటి ప్రయోగానికి ఆప్టిమైజేషన్ లెవెల్‌ని 0 చేయండి, లేదా గేట్ల మధ్య బ్యారియర్లు పెట్టండి.

నాయిస్ పెట్టగానే నత్తనడక

నాయిస్ లేనప్పుడు సిమ్యులేటర్ సర్క్యూట్‌ని ఒకే ఒక్కసారి నడిపి, చివరి స్టేట్ నుంచి 10,000 షాట్లనూ (ఒక్కో కొలతా ఒక షాట్) చీట్లు తీసినట్టు తీసేస్తుంది. నాయిస్‌తో స్టేట్‌వెక్టర్ పద్ధతి అయితే ప్రతి షాట్‌కీ ఎక్కడ ఏ దోషం పడిందో కొత్తగా పాచిక వేసి సర్క్యూట్‌ని మొదటి నుంచీ నడపాలి. 10,000 షాట్లంటే దాదాపు 10,000 పరుగులు. మధ్యలో మెజర్, రీసెట్, ఇఫ్ ఉన్నా ఇదే పరిస్థితి.

10, 11 క్యూబిట్ల లోపైతే డెన్సిటీ మ్యాట్రిక్స్‌కి మారండి, నాయిస్ అంతా ఒకే పరుగులో తేలిపోతుంది. పెద్దదైతే షాట్లు తగ్గించుకుని పద్ధతి సరిచూసుకున్నాకే పెంచండి. ఎర్రర్ కరెక్షన్ పని అయితే ఏర్‌ని పక్కన పెట్టి స్టిమ్ తీసుకోండి. గూగుల్‌లో పనిచేసే క్రెయిగ్ గిడ్నీ 2021లో దీన్ని పరిచయం చేస్తూ ఇచ్చిన లెక్క ఇది: 20 వేల క్యూబిట్లు, 80 లక్షల గేట్లు, 10 లక్షల మెజర్‌మెంట్లు ఉన్న సర్ఫేస్ కోడ్ (ఎర్రర్ కరెక్షన్‌కి వాడే ఒక పద్ధతి) సర్క్యూట్‌ని 15 సెకన్లలో విశ్లేషించి, ఆ తర్వాత సెకనుకు వెయ్యి షాట్ల చొప్పున తీస్తుంది. ఒక్క షరతు, టీ గేట్ ఉండకూడదు. స్టిమ్ కూడా నెమ్మదిగా ఉందంటే మీరు టాబ్లో సిమ్యులేటర్‌ని లూప్‌లో తిప్పుతున్నారన్నమాట. "కంపైల్_శాంప్లర్" తో ఒకసారి తయారుచేసుకుని షాట్లన్నీ ఒకేసారి అడగండి.

జీపీయూ పెడితే వేగం వస్తుందిగా అంటారా? వస్తుంది, క్యూబిట్లు ఇరవై పైచిలుకు ఉన్నప్పుడు. 8 క్యూబిట్ల సర్క్యూట్‌ని జీపీయూకి పంపడమంటే పక్కింటికి వెళ్లడానికి బస్సెక్కడమే. "డివైస్ జీపీయూ ఈజ్ నాట్ సపోర్టెడ్" అని వస్తుంటే చూడాల్సినవి రెండు. పిప్‌తో దొరికే ఏర్ జీపీయూ ప్యాకేజీ లైనక్స్‌కీ, ఎన్విడియా కార్డుకీ మాత్రమే. మామూలు ఏర్, జీపీయూ ఏర్ రెండూ ఇన్‌స్టాల్ అయి ఉంటే ఒకదాని ఫైళ్ల మీద ఇంకొకటి కూర్చుంటుంది. రెండూ తీసేసి జీపీయూది ఒక్కటే పెట్టండి. "అవైలబుల్_డివైసెస్" అడిగితే జీపీయూ పేరు కనిపించాలి.

మ్యాట్రిక్స్ ప్రోడక్ట్ స్టేట్‌లో 60 క్యూబిట్లు నడిచాయి, ఇది నిజమేనా?

నిజం కావచ్చు, కాకపోవచ్చు. ఈ పద్ధతి స్టేట్ మొత్తాన్ని దాచదు. క్యూబిట్లని గొలుసులా పేర్చి, పక్కపక్క లింకుల్లో ఎంటాంగిల్‌మెంట్ ఎంతుందో అంతే దాస్తుంది. ఆ లింకు లావుని బాండ్ డైమెన్షన్ అంటారు. 100 క్యూబిట్లనీ ఒకే ముడిలో కట్టే జీహెచ్‌జెడ్ స్టేట్‌కి బాండ్ డైమెన్షన్ 2 చాలు, పాత ల్యాప్‌టాప్‌లో కూడా చిటికెలో అయిపోతుంది. అదే రాండమ్ సర్క్యూట్ అయితే లింకు లావెక్కుతూ పోయి, 40 క్యూబిట్లకు మధ్య లింకు 2కి 20వ ఘాతం దాకా చేరగలదు. అప్పుడు స్టేట్‌వెక్టర్ కంటే కూడా అధ్వాన్నం.

అందుకని జనం "మ్యాక్స్ బాండ్ డైమెన్షన్" ని 64 అనో 128 అనో కట్టేస్తారు. ప్రోగ్రాం హాయిగా నడుస్తుంది. పట్టనిది మాత్రం చడీచప్పుడు లేకుండా కత్తిరించబడుతుంది. దీన్ని పట్టుకునే పద్ధతి ఒక్కటే. 64తో వచ్చిన జవాబు రాసుకోండి, 128తో నడపండి, 256తో నడపండి. జవాబు నిలబడితే నమ్మండి. ప్రతిసారీ కదులుతుంటే ఆ అంకెని ఎక్కడా రాయకండి.

పెద్దవాళ్ల దగ్గర కూడా ఇలాంటి సంగతే జరిగింది. 2023 జూన్‌లో ఐబీఎం వాళ్లు 127 క్యూబిట్ల ఈగల్ చిప్ మీద ఒక ఐసింగ్ మోడల్ (అయస్కాంతత్వానికి వాడే నమూనా) ఫలితాన్ని నేచర్ పత్రికలో ప్రకటించారు. అందులో పోలికకు పెట్టిన టెన్సర్ నెట్‌వర్క్ లెక్కలు (పైన చెప్పిన గొలుసు పద్ధతి కూడా ఈ కుటుంబానిదే) కష్టమైన చోట చేతులెత్తేశాయి. కొద్ది రోజుల్లోనే వేరే బృందాలు చిప్ ఆకారానికి తగ్గట్టు నెట్‌వర్క్ అల్లి, అదే ఫలితాన్ని మామూలు కంప్యూటర్ల మీద రాబట్టాయి. పద్ధతి పేరు ఒకటే అయినా క్యూబిట్లని ఎలా పేర్చి అల్లామన్నదాంట్లో అంత తేడా ఉంటుంది. మీ సర్క్యూట్‌లో 0వ క్యూబిట్‌కీ 39వ క్యూబిట్‌కీ మాటిమాటికీ సీఎక్స్ పడుతుంటే వాటిని పక్కపక్కకు తెచ్చి నంబర్లు వేసి చూడండి.

పెన్నీలేన్‌లో గ్రేడియంట్ సున్నా

సర్క్యూట్‌లోని పారామీటర్లని (గేట్ల కోణాలని) గ్రేడియంట్, అంటే వాలు, చూసి సర్దుకుంటూ పోయే ట్రైనింగ్ కదలదు. కాస్ట్ (మనం తగ్గించాలనుకునే అంకె) మొదటి స్టెప్‌లో ఎంతుందో 200వ స్టెప్‌లోనూ అంతే. అందరూ వెంటనే "బ్యారెన్ ప్లేటో" (ఎటు చూసినా వాలు దాదాపు సున్నాగా ఉండే బీడు మైదానం) అనేస్తారు, పేరు గంభీరంగా ఉంటుంది కదా. అంతదాకా వెళ్లే ముందు చిన్నవి చూడండి.

"నో ట్రైనబుల్ పారామీటర్స్" అనే హెచ్చరిక ఏమైనా వచ్చిందా? వస్తే మీరు మామూలు నంపై వాడారు. పెన్నీలేన్ సొంత నంపైలోంచి తీసుకుని, "రిక్వైర్స్_గ్రాడ్" ట్రూ చేయండి.

అన్నీ సున్నా దగ్గర మొదలుపెట్టారా? ఒక ఆర్ఎక్స్ గేట్ వేసి జెడ్ విలువ కొలిస్తే వచ్చేది కోణం కొసైన్. దాని వాలు మైనస్ సైన్. సున్నా దగ్గర సైన్ సున్నా. అంటే సాఫ్ట్‌వేర్ ఒప్పే చెప్పింది, మీరు కొండ శిఖరం మీద నిలబడి ఎటు దిగాలని అడుగుతున్నారు. 0.1 లాంటి చిన్న రాండమ్ విలువలతో మొదలుపెట్టండి. అలాగే జెడ్ కొలవబోయే క్యూబిట్ మీద చివరి గేట్‌గా ఆర్‌జెడ్ పెడితే ఆ పారామీటర్ గ్రేడియంట్ ఎప్పటికీ సున్నానే. దాన్ని తీసేయొచ్చు.

ఇవేవీ కాకపోతే అప్పుడు బ్యారెన్ ప్లేటో గురించి ఆలోచించండి. 4, 6, 8, 10 క్యూబిట్లతో గ్రేడియంట్ల వేరియన్స్ కొలిచి చూడండి. క్యూబిట్లు పెరిగేకొద్దీ అది రెట్ల లెక్కన పడిపోతుంటే అదే. లోతు తగ్గించడం, కాస్ట్‌ని ఒకటి రెండు క్యూబిట్ల మీదే కొలిచేలా రాసుకోవడం కొంత ఊరటనిస్తాయి.

గ్రేడియంట్ వస్తోంది కానీ ఒక్కో స్టెప్‌కి టీ తాగి రావాల్సి వస్తోందంటే, పారామీటర్ షిఫ్ట్‌లో (కోణాన్ని అటూ ఇటూ జరిపి వాలు కొలిచే పద్ధతిలో) ఉన్నారు. మామూలు రొటేషన్ గేట్లలో ఒక్కో పారామీటర్‌కి రెండు పరుగులు, 100 పారామీటర్లకి 200. షాట్లు లేకుండా నడిపేట్టయితే లైట్నింగ్ డివైస్ మీద అడ్‌జాయింట్ పద్ధతికి మారండి.

నిన్న 512, ఇవాళ 497

బెల్ స్టేట్ 1024 షాట్లు, 00 కి సరిగ్గా 512 రావాలి కదా అని టెన్షన్ పడేవాళ్ల కోసం ఇది. సిమ్యులేటర్ కూడా నాణెం ఎగరేసినట్టే షాట్లు తీస్తుంది. 1024కి సహజమైన ఊగిసలాట అటూ ఇటూ 16. 497 మామూలే, 480 వచ్చినా కంగారు వద్దు, 430 వస్తే సర్క్యూట్ చూసుకోండి. ఊగిసలాట శాతం సగానికి తగ్గాలంటే షాట్లు నాలుగింతలు కావాలి. రేపు రివ్యూలో ఇదే అంకె మళ్లీ రావాలంటే "సీడ్_సిమ్యులేటర్" కి ఒక అంకె ఇవ్వండి. ట్రాన్స్‌పైలర్‌కి వేరే సీడ్ ఉంటుంది, అదీ ఇవ్వండి. ఒకటి ఇచ్చి రెండోది మర్చిపోయినవాళ్లు నాకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తుంటారు.